అడిగి వెళ్లే పొలం

ఆ పొలంలోకి వెళ్లాలంటే ముందు ఆ ఇంటి వరండాలో కాసేపు కూర్చోవాలి. గువ్వల వేట సెప్టెంబరు మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం మొదలవుతుంది. కూర్చోవడం మాత్రం ఆగస్టులోనే. ఈ పద్ధతి మాకు చూపించింది మావారి ఆఫీసులో పనిచేసే ఒక అమెరికన్ ఇంజనీరు. అప్పటికే రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. పిల్లలు ఆయనను అంకుల్ అనేవారు. మావారూ నేనూ మాలో మేము పెద్దాయన అనుకునేవాళ్లం. ఇక్కడా అలాగే అంటాను.

మావారు పోయారు. ఆయన మంచివారన్న మాట ముందే చెప్పి పెడుతున్నాను. నేను చెప్పబోయే పని ఆయన మంచితనంతోనే చేశారు, నేను దానికి వంట చేశాను. చెడ్డవాళ్లు చేసిన పని అయితే సిగ్గుపడటం ఇంకాస్త సులువుగా ఉండేదేమో.

జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్ టవరూ, మాన్‌హట్టన్ రైలూ వదిలి మేము దక్షిణాన ఇంకో రాష్ట్రంలోని మోరిస్‌విల్ వచ్చిన తొలి సంవత్సరం, పెద్దాయన ఒక సోమవారం ఆఫీసుకు శుభ్రం చేసిన గువ్వలను ఐస్‌లో పెట్టి తెచ్చాడు. మావారికి ఇచ్చాడు. మావారు మాంసం ఏదైనా ఇష్టంగా తినే మనిషి. నేను మిరియాలూ కరివేపాకూ వేసి వేపుడు చేశాను. కౌజుపిట్టల్లాగే ఉన్నాయని ఎముకలు కూడా నమిలారు. మర్నాడు కొంచెం డబ్బాలో పెట్టి పెద్దాయనకు పంపాను. ఆయన నీళ్లు తాగుతూ, ముక్కు తుడుచుకుంటూ మొత్తం తిన్నాడట. "మా ఇంట్లో వీటిని ఇన్నేళ్లూ పాడుచేశాం" అన్నాడట.

మావారు విజయవాడలో అద్దె పోర్షన్లలో పెరిగిన బ్యాంకు ఉద్యోగి కొడుకు. తుపాకీ అంటే బ్యాంకు గుమ్మం దగ్గర సెక్యూరిటీ చేతిలో చూసిందే. అలాంటిది శనివారాలు క్లాసుకు వెళ్లి, పరీక్ష రాసి, వేట లైసెన్సు తెచ్చుకున్నారు. నాకు ఇష్టం లేదు, అడ్డమూ చెప్పలేదు. ఆయన కంప్యూటరు ముందు నుంచి లేచి బయటికి వెళ్లే పని అదొక్కటే కనిపించింది.

మొదటిసారి పెద్దాయనకు చెప్పకుండా ప్రభుత్వ భూమికి వెళ్లారు. లైసెన్సున్న ఎవరైనా వేటాడుకోవచ్చు అక్కడ. ఈ రాష్ట్రంలో ఆదివారం గువ్వలను వేటాడకూడదు, కాబట్టి ఉద్యోగాలున్న వాళ్లందరికీ మిగిలేది శనివారమే. మధ్యాహ్నం మొదలయ్యే వేటకు జనం తెల్లవారకముందే వచ్చి చోటు పట్టుకున్నారట. పార్కింగ్ నిండి, రోడ్డు పక్కన కార్లు బారులు తీరాయట. పొలం గట్టు మీద ఒకరి ఫోను మోగితే పక్కవాడు జేబు తడుముకునేంత దగ్గరగా నిలబడ్డారట. ఒక్క గువ్వ వచ్చింది, అందరి తుపాకులూ లేచాయి, అది పడింది. పడ్డది నాదంటే నాదని ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడుకున్నారు. అవతలి గట్టువాళ్లు పేల్చిన సీసపు గుళ్లు పైకి వెళ్లి, బలం అయిపోయి, మావారి టోపీ మీద రాలాయి. దెబ్బ తగలదు గానీ చప్పుడు తెలుస్తుంది. చొక్కా జేబులో పడ్డవాటిని తీసి వంటింటి గట్టు మీద పెట్టారు. ఆవగింజల కంటే కాస్త పెద్దవి.

"కొత్త సినిమా మొదటి రోజు మొదటి ఆటలా ఉంది," అన్నారు. "బ్లాకులో టికెట్లు అమ్మేవాడు ఒక్కడే తక్కువ."

పెద్దాయనకు చెబితే నవ్వాడు. తన చిన్నప్పుడు ఇక్కడ వేటకు పొలం వెతుక్కోనక్కర్లేదనీ, అడగడానికి ఇల్లు వెతుక్కుంటే చాలనీ చెప్పాడు. ఆ పొలాల్లో కొన్ని ఇళ్లయ్యాయి, కొన్ని క్లబ్బుల చేతుల్లోకి వెళ్లాయి. ఒకసారి మా టౌన్‌హౌస్‌కు భోజనానికి వచ్చినప్పుడు కిటికీలోంచి మా కమ్యూనిటీ స్విమ్మింగ్ పూల్ వైపు చూపించి, "అక్కడ మంచి పొద ఉండేది. కౌజుపిట్టలు అందులోంచే లేచేవి," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. మరికాస్త పెరుగు వడ్డించమన్నాడు.

మరుసటి ఆగస్టులో తన కారులో మమ్మల్ని ఆ వరండాకు తీసుకువెళ్లాడు. ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం. చిలగడదుంపల పొలాలూ, సోయా పొలాలూ, చర్చీలూ దాటి వెళ్లాలి. తెల్ల రంగు వేసిన చెక్క ఇల్లు. పక్కన రేకుల కప్పు వేసిన పాత కొట్టం. వెనక పొద్దుతిరుగుడు పొలం. ఇంటావిడ ఎనభైకి దగ్గరలో ఉన్న మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. వరండాలో కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తోంది. పెద్దాయన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి ఆ వరండాకు వచ్చేవాడట. ఆవిడ మామగారిని అడిగేవారట. ఇప్పుడు ఆవిడను అడగాలి.

కానీ వెళ్లగానే అడగలేదు. వాన గురించి మాట్లాడుకున్నారు. ఆవిడ మోకాలి గురించి, చర్చిలో కొత్తగా వచ్చిన పాస్టరు గురించి మాట్లాడుకున్నారు. నేను ఊరికే కూర్చోలేక బుట్టలోంచి ఒక గుప్పెడు కాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టాను. ఆవిడ నా వేళ్ల వైపు చూసి, "ఈ పని నీకు ఎవరూ నేర్పక్కర్లేదు, హనీ," అంది. గంట గడిచింది. పెద్దాయన లేచి, టోపీ చేతిలో పట్టుకుని, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాడు.

"ఈ ఏడు కూడా గువ్వలకు రావచ్చా?"

"రావచ్చు."

"ఈ మిత్రుణ్ణి తీసుకురావచ్చా?"

ఆవిడ మావారిని చూసింది. తొందరపడకుండా చూసింది. "ఈయన రావచ్చు," అంది.

తిరిగి వస్తుంటే మావారు అడిగారు. "మీరు చిన్నప్పటి నుంచీ వస్తున్నారు. ఆవిడ ఏనాడూ కాదనలేదు. మళ్లీ ఏటా అడగడమెందుకు?"

"పొలం ఆవిడది కాబట్టి," అన్నాడు పెద్దాయన.

ఆ రాత్రి ఇంట్లో మేమిద్దరం ఈ మాట మీద నవ్వుకున్నాం. "వీళ్లకి ఎంత దగ్గరైనా లెక్క లెక్కే," అన్నారు మావారు. నేనూ అదే అనుకున్నాను. మా ఇళ్లలో దగ్గరివాళ్లను అడగరు. అడిగితే పరాయివాళ్లమైపోతాం. మా పిన్ని ఇంటికి వెళ్లి, అన్నం పెడతావా అని నేనెన్నడూ అడగలేదు. అడిగితే ఆవిడ నొచ్చుకునేది. వంటింట్లోకి వెళ్లి మూత తీసి చూడటమే చనువు. ఒకణ్ణి పిలిస్తే వాడి ఇంటిల్లిపాదినీ పిలిచినట్టే. అలా కాదనుకునే మనిషిని పిసినారి అంటాం. ఇందులో తప్పుందని నాకు ఇప్పటికీ అనిపించదు. తప్పు ఎక్కడుందంటే, ఆ పద్ధతి మా ఇంటి దగ్గరే ఆగుతుందన్న సంగతి మాకు తట్టలేదు.

ఆ మొదటి సీజను బాగా గడిచింది. పెద్దాయన పొలం చివర సీమతునికి చెట్టు కింద కూర్చునేవాడు. తునికిపండులాంటి పండు కాసే చెట్టు అది, పండితే నారింజ రంగు. ఆయన చోటు ఎప్పుడూ అదే. మావారిని కొట్టం అవతల, కంచె మూల కూర్చోబెట్టాడు. కూర్చోవడానికి ఒక బకెట్టు ఇచ్చాడు. దాని మూతే తిరిగే పీట. లోపల తూటాలు, నీళ్ల సీసా, కొట్టిన పిట్టలు. తన దగ్గరున్న పాతది. ఒకే ఒక్క నియమం చెప్పాడు: కిందుగా ఎగిరే పిట్టను వదిలెయ్యాలి, దాని వెనక ఆకాశం కనిపించాలి, ఏం కనిపించినా సరే ఆకాశం కాకపోతే వదిలెయ్యాలి. మావారు చాలా తూటాలు పేల్చి, కొద్ది పిట్టలు కొట్టారు. ఆ శనివారాలు ఆయన ఇంటికి వచ్చే తీరు వేరుగా ఉండేది. స్నానం చేసి, పిల్లల పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా సంతోషంగా ఉండేవారు. అది నాకు చాలు.

రెండు సీజన్లు అలాగే గడిచాయి. మూడో ఏడు వేసవిలో పెద్దాయనకు తుంటి ఆపరేషన్ అయింది. ఆగస్టులో వరండాకు వెళ్లలేనని, మావారిని వెళ్లి రమ్మనీ అన్నాడు. "పీచ్ పళ్లు పట్టుకెళ్లు. కూర్చో. లేచేటప్పుడు అడుగు. నా గురించి కూడా అడుగు. నడవగలిగితే వస్తాను."

అదే రోజుల్లో మా స్నేహితుల ఇంట్లో తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ జరిగింది. నేను గువ్వల వేపుడు తీసుకెళ్లాను, ఫ్రీజర్లో మిగిలినవి. పళ్లెం నిమిషాల్లో ఖాళీ అయింది. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు, మా ఇంట్లో తమ్ముడిలా తిరిగేవాడు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనాలంటే వేట లైసెన్సు ఉండాలని ఎక్కడో చదివి, తుపాకీ కోసమే లైసెన్సు తీసుకున్నాడు. వేటకు మాత్రం ఎన్నడూ వెళ్లలేదు.

"అన్నా, నువ్వొక్కనివే పోయి తింటే ఎట్ల? మమ్మల్ని గూడ తీస్కపో."

"నీకు గన్ను పట్టుకోవడం వచ్చా?"

"రేంజ్‌కి పోతున్న గద అన్నా. టార్గెట్ మొత్తం జల్లెడ చేసిన."

"టార్గెట్ ఎగరదు రా," అన్నారు మావారు. అందరూ నవ్వారు.

"వదినా, నువ్వు చెప్పు. ఆ ముసలామె మంచిదంట గద. నలుగురం పోతే ఏమంటది?"

నేను ఏం చెప్పానో బాగా గుర్తుంది. "ఏమీ అనదు. మంచి మనిషి. ఒక్కర్తే ఉంటుంది, మనుషులు వస్తే సంతోషిస్తుంది," అన్నాను. అది అబద్ధం కాదు. ఆవిడ నా పక్కన కూర్చుని చిక్కుళ్లు వలిచింది. మనదైన మనిషి అనుకున్నాను.

నలుగురనుకున్నది కుటుంబాలతో కలిసి పెద్ద గుంపయింది. వేట మొదలయ్యేది లాంగ్ వీకెండ్లో, ఎవరికీ వేరే ప్లాన్ లేదు. పీచ్ పళ్లు కొన్నాం. ఆగస్టులో ఒక ఆదివారం వెళదామనుకుని, ఆఫీసులో రిలీజ్ పని పడి ఆగిపోయాం. మరుసటి వారం ఎవరిదో గృహప్రవేశం. పళ్లు మెత్తబడుతుంటే పిల్లలకు కోసి పెట్టాను. "ఫోనన్నా చెయ్యండి," అన్నాను మావారితో.

"ఫోన్ చేసి రావచ్చా అని అడిగితే బాగోదు. ఇంత దగ్గరై కూడానా? వెళ్లినప్పుడు కాళ్లకు దణ్ణం పెట్టేద్దాం," అన్నారు.

నాకూ అది సబబుగానే తోచింది. అడగకపోవడం ఆవిడకు మేమిచ్చే గౌరవం అనుకున్నాం.

శనివారం కార్లు వరసగా ఆ మట్టిదారిలోకి తిరిగాయి. ఎవరు ఎక్కడ పార్క్ చేయాలో తెలియలేదు. కొందరు గడ్డి కోసి ఆరబెట్టిన చోట ఆపారు. చక్రాల కింద ఎండుగడ్డి విరిగింది. పిల్లలు దిగీ దిగగానే దారిలో వికెట్లు పాతారు. నేను బిర్యానీ ట్రేలు, పులిహోర, పెరుగు పచ్చడి దింపించాను. వేటకు రానివాళ్లు చాపలు పరుచుకున్నారు. ఎవరో కారు తలుపులు తెరిచి పాటలు పెట్టారు. నేనే వెళ్లి తగ్గించమన్నాను. ఆ ఒక్క పని సరిగ్గా చేశాను.

ఆవిడ తలుపు తెరుచుకుని వరండాలోకి వచ్చి, స్తంభం పట్టుకుని నిలబడింది.

పెద్దాయన మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. చేతికర్ర సాయంతో నడిచి తన చెట్టు కింద బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మావారు అడిగే ఉంటారని నమ్మి వచ్చాడు. కార్లను చూశాడు. దూరం వల్ల ఆయన ముఖం నాకు కనిపించలేదు. ఆయన లేచాడు. తుపాకీలోంచి తూటాలు తీసి, దాన్ని మడిచి, మోచేతి మీద వేసుకుని, మెల్లగా గట్టు వెంట వరండా వైపు నడవడం మొదలుపెట్టాడు. అప్పటికింకా ఒక్క పిట్టా రాలేదు.

నేను ఒక పళ్లెంలో అన్నీ సర్ది ఆవిడకు తీసుకెళ్లాను. ఆవిడ రెండు చేతులతో అందుకుంది.

"చాలా శ్రమపడ్డావు, హనీ."

"శ్రమేం లేదు. అందరూ మిమ్మల్ని చూడాలని వచ్చారు," అన్నాను.

"అందరూ," అంది ఆవిడ. పొలం వైపు చూస్తూనే ఉంది. "చిన్నపిల్లలు కూడా ఉన్నారే."

"సెలవులు కదా."

"తుపాకులు ఎటు తిరిగి ఉన్నాయో ఎవరైనా చూస్తున్నారా?"

మావారు చూస్తున్నారని చెప్పాను. నిజంగానే చూస్తున్నారు. ఒక్కొక్కళ్లనూ చోట్లలో కూర్చోబెడుతూ, పెళ్లిలో విస్తళ్ల దగ్గర తిరిగినట్టు తిరుగుతున్నారు. ఆయన చెయ్యి తుపాకీ మీద లేదు, చంకలో నీళ్ల సీసాలున్నాయి.

అప్పుడే ఒక గువ్వ పొద్దుతిరుగుడు మొదళ్ల మీదుగా కిందుగా వచ్చింది. వరంగల్ అబ్బాయి లేచి కొట్టాడు. పిట్ట వెళ్లిపోయింది. గుళ్లు కొట్టం రేకుల మీద పడ్డాయి. గుప్పెడు బియ్యం చాటలో విసిరినట్టు చప్పుడైంది. కొట్టానికి ఇవతల పిల్లలు బంతి కోసం పరిగెడుతున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలకు ఆ చప్పుడు ఏమిటో కూడా తెలియలేదు. పెద్దవాళ్లు ఒక్కసారిగా పిల్లల వైపు తిరిగారు.

పెద్దాయన వరండా మెట్ల దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. ఆయన ఆవిడతో అన్న మాట నేను పక్కనే ఉండి విన్నాను. "క్షమించండి మేడమ్. వీళ్లు నాతో వచ్చినవాళ్లు."

అది నిజం కాదు. మేము ఆయనతో రాలేదు. ఆయన ఆ మాట ఎందుకన్నాడో ఆవిడకూ తెలుసు, నాకూ తెలిసింది. ఆయన మాటతోనే కదా మేము ఆ ఇంటికి పరిచయమైంది. ఆవిడ నా పళ్లెం పట్టుకునే తల ఊపింది.

మేము తొందరగానే తిరిగి వచ్చేశాం. చెత్త అంతా సంచుల్లో ఎత్తాం. ఒక్క కాగితం వదల్లేదని దారిలో నేను సంతృప్తిపడ్డాను కూడా.

సోమవారం సెలవు. మంగళవారం ఆఫీసులో పెద్దాయన మావారితో అన్నదంతా ఒకటే మాట. "నువ్వు అడగలేదన్నమాట." మావారు ఇంటికి వచ్చి షూ విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. దీపావళికి మిఠాయిలు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఆవిడ ఇంట్లో లేదు. డబ్బా వరండాలో పెట్టి వచ్చేశాం. కార్డు మీద మావారు చాలాసేపు ఆలోచించి క్షమించమని రాశారు. జవాబు రాలేదు, రావాలని అనుకోవడానికీ మాకు ముఖం లేదు.

మరుసటి ఏడు ఆగస్టులో పెద్దాయన ఒక్కడే వెళ్లి వచ్చాడు. ఆ సెప్టెంబరులో వేటకు వెళ్లాడో లేదో మావారు అడగలేదు. ఆ పై ఏడు ఆ దారి పక్క చెట్లకు ఊదారంగు గీతలు వచ్చాయి. ఇక్కడ కొత్తగా వచ్చిన పద్ధతి అది. ఆ రంగు ఉంటే రాతపూర్వకంగా అనుమతి లేనిదే లోపలికి వెళ్లకూడదని అర్థం. ఆవిడ మేనల్లుడు పొలాన్ని ఒక వేట కంపెనీకి లీజుకు ఇచ్చాడు. తుపాకీకి ఇంతని తీసుకుని సీజను మొదటి రోజు వాళ్లే వేట నడుపుతారు. వెబ్‌సైట్లో ఆ కొట్టం ఫొటో ఉంది. పాతకాలపు పల్లె వేట అనుభవం అని దాని కింద రాసుకున్నారు.

ఆ ఫొటో మాకు చూపించింది వరంగల్ అబ్బాయే. "అన్నా, ఇది మన పొలమే గద. బుక్ చేద్దామా? ఇప్పుడైతే ఎవర్నీ అడిగే పని లేదు, ఆన్‌లైన్ల కట్టేస్తే అయిపాయె. ఎవ్వరూ ఏమనరు."

వాడి మనసులో చెడు లేదు. తన వల్ల పోయిందన్న బాధ వాడికీ ఉంది. డబ్బు కడితే ఆ బాధ తీరుతుందనుకున్నాడు. మావారూ అలాగే అనుకున్నారు. పెద్దాయనకు కూడా ఒక చోటు బుక్ చేశారు, బహుమతిగా. ఆయన జీతం మావారి జీతం కంటే ఎక్కువే. డబ్బులేక ఆగిన మనిషి కాదు.

మావారు ఆయన డెస్కు దగ్గరికి వెళ్లి చెప్పారట. పెద్దాయన స్క్రీను మీద నుంచి కళ్లు తిప్పలేదట. తరవాత, "మంచి ఆలోచన. కానీ ఆ రోజు నాకు వేరే పని ఉంది. నా చోట్లో ఇంకెవరినైనా తీసుకెళ్లు," అన్నాడట.

"నా చోట్లో" అన్నాడు. మావారు ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

ఆ రోజు నేను వెళ్లలేదు. చేతికి ప్లాస్టిక్ పట్టీలు కట్టారట. పొలం గట్టు పొడుగునా అంకెలు రాసిన కర్రలు పాతి ఉన్నాయి, ఎవరి అంకె దగ్గర వాళ్లు కూర్చోవాలి. కర్రకూ కర్రకూ మధ్య దూరం ప్రభుత్వ భూమిలో కంటే ఎక్కువే గానీ, మనుషులు మాత్రం అంతమందీ ఉన్నారు. మైకులో రూల్స్ చదివారు. మాంసం కాల్చి అమ్మే ట్రక్కు, టీషర్టులు అమ్మే బల్ల, ఫొటోలు తీసే మనిషి. వరండా ఖాళీగా ఉంది. చప్పుడుకు తట్టుకోలేక ఆవిడను ఆ రోజుకు మేనల్లుడు తన ఇంటికి తీసుకెళ్లాడని ఎవరో అన్నారు. మావారికి వచ్చిన కర్ర సీమతునికి చెట్టు కింద ఉంది. బకెట్టు వేసుకుని కూర్చుని, కొంతసేపు కాల్చాక, ఏ చెట్టు కింద కూర్చున్నారో అప్పుడు తెలిసిందట. అప్పటికే పిట్టలు కొట్టేశారు.

అవి ఇంటికి తెచ్చారు. నేను వేయించాను. తిన్నాం. బాగున్నాయి కూడా. ఈ సంగతి రాయకుండా ఉండాలనుకున్నాను.

తరవాతి వారం మా స్నేహితుల్లో ఒకాయన మాటల్లో చెప్పాడు. ఆ శనివారం ప్రభుత్వ భూమి పక్క రోడ్డులో వెళుతూ, ఆ కార్ల బారులో పెద్దాయనను చూశాడట. ట్రక్కు వెనక తలుపు దించుకుని, దాని మీద కూర్చుని, చోటు ఖాళీ అవుతుందేమోనని ఎదురుచూస్తున్నాడట. చేతికర్ర పక్కన ఉందట.

మావారు మళ్లీ వేటకు వెళ్లలేదు. తుపాకీ అమ్మేశారు. పెద్దాయనతో మాట మామూలుగానే ఉండేది. ఆయన రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. మావారికి జబ్బు చేసినప్పుడు నన్ను హాస్పిటల్‌కు దింపడానికి వచ్చేవాడు. ఒకసారి వార్డులో మావారు ఆయన చెయ్యి పట్టుకుని ఆ పొలం మాట ఎత్తబోయారు. పెద్దాయన, "ఈ ఏడు వానలు బాగా పడ్డాయి," అన్నాడు. మావారు చెప్పాలనుకున్నది చెప్పకుండానే పోయారు. ఫ్యూనరల్ హోమ్‌లో పెద్దాయన టోపీ చేతిలో పట్టుకుని, మనవాళ్లందరి వెనక, చెప్పులు విప్పిన చోట నిలబడ్డాడు.

మావారు పోయిన మరుసటి ఆగస్టులో నేను ఒక్కదాన్నే ఆ వరండాకు వెళ్లాను. వెళ్లాలని నిశ్చయించుకోవడానికి చాలా రోజులు పట్టింది. వేట కోసం కాదు. పెద్దాయనకు వయసు మీద పడుతోంది, నడక కష్టమవుతోంది. ఇంకా ఎన్ని సీజన్లుంటాయో తెలియదు. కంపెనీవాళ్లు మొదటి రోజు తప్ప తక్కిన శనివారాల్లో ఆ పొలంలో ఎక్కువగా ఉండరని వెబ్‌సైట్లో చూశాను. ఏదో ఒక మామూలు శనివారం ఆయన తన చెట్టు కింద కూర్చోగలిగితే, మావారు చెప్పలేకపోయిన మాట చెప్పినట్టవుతుందనుకున్నాను. ఈసారి పద్ధతి తెలుసు. పీచ్ పళ్లు కొన్నాను. అవి మెత్తబడకముందే వెళ్లాను.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. మావారి సంగతి పెద్దాయన చెప్పాడట. "కూర్చో, హనీ," అని బుట్ట నా వైపు జరిపింది. చిక్కుళ్లు వలిచాం. వాన గురించి మాట్లాడుకున్నాం. ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయిందట. భర్త పోయిన మొదటి సంవత్సరం తను వంట మానేసి చర్చి వాళ్లు తెచ్చిందే తిన్నానని చెప్పింది. నేనూ అంతేనన్నాను. దారి పక్క ఊదారంగు గీతలు వెలిశాయి, మళ్లీ వేసినట్టున్నారు. ఎండ వరండా అంచు దాకా వచ్చాక లేచి నిలబడి అడిగాను. పెద్దాయన ఒక్కడు, ఒక్క శనివారం, తన చెట్టు కింద కూర్చోవచ్చా అని.

ఆవిడ చేతిలో కాయ వలవడం ఆపింది.

"ఆయన నిన్ను పంపాడా?"

"లేదు. నేను వచ్చినట్టు ఆయనకు తెలియదు."

"నేను కుదరదని చెప్పాలి," అంది. "సంతకం పెట్టాను. ఆ రోజు తరవాత మా మేనల్లుడు నన్ను నిద్రపోనివ్వలేదు. ఎవరికైనా తగిలితే దావా వేస్తారు, ఈ ఇల్లు కూడా పోతుందన్నాడు. ఎవరు రావాలో చెప్పే అధికారం ఇప్పుడు నాకు లేదు. నా పొలంలో నేను ఒక మనిషిని కూర్చోబెట్టలేను."

నేను మళ్లీ కూర్చుని బుట్టలోంచి ఒక కాయ తీసుకున్నాను.

"పోయిన వారం వచ్చాడు ఆయన," అంది ఆవిడ. "ఏటా ఆగస్టులో వస్తాడు, ఎప్పటిలాగే. ఇక్కడే కూర్చుంటాడు. లీజుకిచ్చిన మొదటి ఏడు నేను భయపడ్డాను, ఏం చెప్పాలా అని. గంట కూర్చున్నాడు. టోపీ తీసుకుని లేచాడు. మోకాలు జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయాడు. అప్పటి నుంచీ అంతే. అడగడు."

ఆవిడ గొంతులో నా మీద కోపం లేదు. ఆ సంగతి నాకు తెలియాలని చెప్పినట్టుగా చెప్పింది, అంతే. ఆమెను కాదనే అవసరం రాకుండా ఆయన ఇన్నేళ్లూ మెట్ల దగ్గర మాట మింగి వెళ్లాడు. ఆ మాట నేను తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. పద్ధతి ప్రకారమే పెట్టాను.

"నువ్వు అడిగినట్టు ఆయనకు చెప్పకు," అంది.

చెప్పనన్నాను. చెప్పలేదు. ఆవిడ మేము వలిచిన గింజల్లో సగం సంచిలో పోసి నా చేతికిచ్చింది. ఇంటికి వచ్చి వాటిని వంకాయతో కలిపి వండాను. ఆ ఆదివారం పెద్దాయన భోజనానికి వచ్చాడు. గింజలు చాలా లేతగా ఉన్నాయి, ఎక్కడ కొన్నావని అడిగాడు. ఫార్మర్స్ మార్కెట్లో అన్నాను. ఆయన మరికాస్త వడ్డించుకున్నాడు.